ఉప్పునుంతలకు భవిత గది

నేను ఉప్పునుంతల మండలంలో పంతులుగా చేరింది 1980లలో. అప్పటి బడి రిజిస్టర్లలో వికలాంగ పిల్లల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఊళ్లల్లో లేక కాదు. పోలియో కాలున్న పిల్లవాణ్ని అన్న భుజాన మోసుకొచ్చి దించితే పేరు రాసుకునేవాళ్లం. మాట రాని పిల్ల, మెడ నిలపలేని పిల్లవాడు మాత్రం ఇంటిపట్టునే పెరిగేవాళ్లు. అడిగితే "వానికి సదువెందుకు సారూ, పాణం మంచిగుంటే సాలు" అనేది తల్లి. ఆమె మాటకు ఎదురు చెప్పేందుకు బడి దగ్గర ఏమీ లేదు. అట్లాంటి పిల్లలు వస్తే ఏం చేయాలో ట్రైనింగ్ కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

తెలిసినవాళ్లంతా హైదరాబాద్‌లో ఉన్నారు. మానసిక వికలాంగుల కోసం ఠాకూర్ హరిప్రసాద్ సంస్థ 1968లో మొదలైంది. బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో అదే పనికి కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ 1984లో వచ్చింది. మా దగ్గర్నుంచి పట్నం వంద కిలోమీటర్లకు అటూఇటూ. వారం వారం పిల్లను ఎత్తుకుని బస్సెక్కితే ఆ రోజు కూలి పోయినట్టే. మామూలు బడుల్లోనే ఈ పిల్లలను చదివించాలని ఢిల్లీ 1974లోనే పథకం రాసింది గానీ, అది దుందుభి వాగు దాటి మా దాకా రావడానికి రెండు దశాబ్దాలు పైనే పట్టింది. 1995లో వికలాంగుల చట్టం వచ్చింది. తర్వాత అప్పటి మా పాలమూరు జిల్లా ప్రాథమిక విద్యా పథకం డీపీఈపీలోకి, ఆపైన సర్వశిక్షా అభియాన్‌లోకి వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో రాజీవ్ విద్యా మిషన్ అని పిలిచిన రోజుల్లో మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలు పెట్టారు. పిల్లలకు పాఠం చెప్పడానికి ఐఈఆర్పీలు (సమ్మిళిత విద్య రిసోర్స్ పర్సన్లు), వారానికోసారి వచ్చే ఫిజియోథెరపిస్టు, ఒక గది. అంతే.

గదిలో గోడకు నిలువుటద్దం, దాని ముందు నడక నేర్చుకునే రెండు ఇనుప కమ్మీలు. సెరిబ్రల్ పాల్సీ పిల్లలు కూర్చునే సీపీ చైర్, వాకర్, పెద్ద రబ్బరు బంతి, నేల మీద పరుపు. పూసలు గుచ్చే పళ్లెం వేరుగా. పలక పట్టకముందు వేళ్లు వంగాలి కదా.

మునివేళ్ల మీద నడిచే పిల్లవాడి కాలికి చేసే పని నేను దగ్గరుండి చూశాను. ఫిజియో మేడం వాణ్ని వెల్లకిలా పడుకోబెట్టేది. ఒక చేత్తో మోకాలు లేవకుండా అదిమి, రెండో అరచేతిలో మడమను ఇముడ్చుకుని, పాదాన్ని ముంజేతికి ఆనించి మెల్లమెల్లగా మోకాలి వైపు వంచేది. ముప్పై లెక్కపెట్టే దాకా వదిలేది కాదు. ఆ లెక్క కూడా వాడితోనే పెట్టించేది. ఇరవై దాటంగనే వాడు అంకెలు మింగేసి ముప్పైకి దూకేవాడు. మేడం నవ్వి, ఇరవై ఒకటి నుంచి మళ్లీ అనిపించేది. లెక్కలు అట్లా కూడా వస్తాయి!

ఇది వారానికోసారి చేస్తే చాలదు. సెరిబ్రల్ పాల్సీ పిల్లల్లో ఎముక పెరిగినంత తొందరగా బిగుసుకున్న కండ పెరగదు. నాలుగు రోజులు వదిలేస్తే సాగిన పిక్క మళ్లీ ముడుచుకుంటుంది. అందుకే మేడం ఎక్కువ సేపు నేర్పింది పిల్లవాడికి కాదు, వెంట వచ్చిన అవ్వకు. అమ్మానాన్నలు గుంపు మేస్త్రీ వెంట పుణెకో బెంగళూరుకో పోయారు. పాలమూరు వలస ఈ పనికి పెట్టిన పరీక్ష అది. అవ్వ దగ్గర వదిలిపోయిన పిల్లకు అవ్వ ఓపికే వైద్యం. వెంట తీసుకుపోతే అంతకు ముందు చేసిందంతా అడ్డా మీద కరిగిపోయేది. వలస నుంచి తిరిగొచ్చాక మళ్లీ మొదటి నుంచి. వెంట వచ్చేవాళ్లకు ఇచ్చే ఎస్కార్ట్ అలవెన్స్ కూలి డబ్బుల ముందు ఏ మూలకు?

ఈ మధ్యలో ఇంకో మార్పు జరిగింది, దాన్ని ఎవరూ పెద్దగా రాయలేదు. 1995లో పల్స్ పోలియో మొదలైంది, 2011 జనవరి తర్వాత దేశంలో వైల్డ్ పోలియో కేసు లేదు, 2014 మార్చి 27న దేశానికి ధ్రువపత్రం వచ్చింది. పోలియో పిల్లవాడికి కాలిపర్ ఇస్తే నడిచొచ్చేవాడు, చదువు అందరితోపాటే. పోలియో పోయాక భవిత గదికి వచ్చేది సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, ఆటిజం ఉన్న పిల్లలే ఎక్కువ. వీళ్ల కష్టం తీర్చే ఒక్క వస్తువు లేదు. రోజూ మనిషి కావాలి. వస్తువులివ్వడం సర్కారుకు తేలిక. కాన్పూర్ అలింకో వాళ్ల చక్రాల కుర్చీలు, ట్రైసైకిళ్లు క్యాంపు పెట్టి పంచితే ఫొటో కూడా వస్తుంది. మనిషినిచ్చే కాడికి వచ్చేసరికి కాంట్రాక్టు.

పెన్షన్ సంగతీ చెప్పాలి. వైకల్య ధ్రువపత్రమిచ్చే సదరం క్యాంపుకు జనం ఎగబడ్డది పెన్షన్ కోసమే. 2014లో ఆసరా కింద వికలాంగులకు నెలకు 1,500 రూపాయలు, 2019లో 3,016, 2023లో 4,016 అయింది. ఆ డబ్బు ఇంటికి ఆధారం, కాదనను. కానీ 40 శాతం వైకల్యమున్నట్టు సదరం కాగితం చేతికొచ్చాక గది వైపు చూడని ఇళ్లు కూడా ఉన్నాయి.

2016 వికలాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాను 7 నుంచి 21కి పెంచింది. ప్రాథమిక స్థాయిలో పది మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక టీచరు, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. 2024 డీఎస్సీలో మన రాష్ట్రం 11,062 పోస్టులకు గాను 1,016 ప్రత్యేక విద్యకు పెట్టింది. అది మంచి మాటే. అదే ఏడాది డిసెంబరులో సమగ్ర శిక్షా (సర్వశిక్షా అభియాన్ తర్వాతి రూపం) కాంట్రాక్టు ఉద్యోగులు క్రమబద్ధీకరణ కోసం రోడ్డెక్కారు. గదిని నిలబెట్టినవాళ్లలో ఐఈఆర్పీలూ ఆ కాంట్రాక్టు ఉద్యోగులే.

వెల్టూరులో గానీ, మొల్గరలో గానీ, మీ ఊళ్లో ఇట్లాంటి పిల్లలుంటే మండల విద్యాధికారి ఆఫీసుకు పోయి పేరు రాయించండి. సదరం కాగితం లేకపోవడం బడికి అడ్డం కాదు. బడికి రాలేనంత తీవ్రమైన వైకల్యముంటే ఇంటి దగ్గరే చదువు చెప్పించుకునే హక్కును 2012లోనే విద్యాహక్కు చట్టంలో చేర్చారు. అడగండి. చిన్న వయసులోనే అడగండి, పిక్క బిగుసుకోకముందే.