కరవది నుండి శ్రీరంగానికి: షేక్ చినమౌలానా నాదస్వర బాణీ

షేక్ చినమౌలానా సాహెబ్ (1924–1999) ఒంగోలు సమీపంలోని కరవదిలో జన్మించారు. ఆ గ్రామం అప్పటికి గుంటూరు జిల్లాలోనిది. కర్నూలు జిల్లా నుండి వచ్చిన మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలతో కలిసి అది ప్రత్యేక జిల్లాలో చేరినది 1970లోనే. ఆయనను గూర్చిన రచనలలో ‘ముస్లిం అయినప్పటికీ ఆలయ వాద్య విద్వాంసుడు’ అన్న ఆశ్చర్యమే తరచుగా ముందుకు వస్తుంది. ఆ ‘అయినప్పటికీ’ చరిత్రకు పొసగదు. కోస్తాంధ్రలో అనేక ముస్లిం కుటుంబాలకు నాదస్వరం వంశపారంపర్య వృత్తి. దేవుని కల్యాణాలు, ఊరేగింపులు, పెండ్లిండ్లు వారి జీవనాధారం. చినమౌలానాకు తొలి పాఠాలు తండ్రి కాసిం సాహెబ్ వద్ద, అనంతరం చిలకలూరిపేట ఆదం సాహెబ్ వద్ద లభించాయి.

ఆయన దాటిన ఎల్ల మతానిది కాదు, బాణీది. టి.ఎన్. రాజరత్నం పిళ్లై నాదస్వరానికి ముగ్ధులై, నాచ్చియార్‌కోయిల్ సోదరులు రాజం, దురైక్కణ్ణుల శిష్యరికం స్వీకరించారు. వంశవిద్య చేతనున్నవారు పరభాషా ప్రాంతంలో మరల శిష్యులు కావడం సామాన్య విషయం కాదు. విస్తారమైన రాగాలాపనకు పేరొందిన తంజావూరు బాణీ ఆ విధంగా ఆంధ్ర వాద్య సంప్రదాయంతో కలిసింది. శ్రీరంగంలో స్థిరపడి, అక్కడే శారదా నాదస్వర సంగీతాశ్రమం నెలకొల్పారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ ‘సంగీత కళానిధి’ ఆయనకు దక్కాయి. శిష్యులైన షేక్ మహబూబ్ సుబానీ, కాలేషాబీ దంపతులు 2020లో పద్మశ్రీ పొందారు.