నీటి రెండు హద్దులు: ఉష్ణోగ్రతా మానాల చరిత్ర

సాధారణ వాతావరణ పీడనం వద్ద మంచు కరిగే ఉష్ణోగ్రత సెల్సియస్ మానంలో 0, ఫారెన్‌హీట్‌లో 32, కెల్విన్‌లో 273.15. నీరు మరిగేది అదే వరుసలో దాదాపు 100, 212, 373.15 వద్ద. సున్నాను ఎక్కడ పెట్టారు, రెండు హద్దుల మధ్య దూరాన్ని ఎన్ని భాగాలు చేశారు అన్నదాన్ని బట్టే ఈ అంకెలు మారతాయి.

17వ శతాబ్దంలో థర్మామీటరు చేసిన ప్రతివాడూ తనకు తోచిన గీతలు పెట్టుకున్నాడు. ఒకరి కొలత మరొకరికి పనికొచ్చేది కాదు. ఎక్కడైనా, ఎవరికైనా ఒకేలా దొరికే గుర్తులు కావాలని కోపెన్‌హాగెన్ ఖగోళ శాస్త్రజ్ఞుడు ఓలే రోమర్ 1702 ప్రాంతంలో నీటిని ఆశ్రయించాడు. ఆయన మానంలో మరుగు స్థానం 60, మంచు కరిగేది 7.5.

1708లో రోమర్‌ను కలిసిన డేనియల్ గాబ్రియెల్ ఫారెన్‌హీట్ ఆ పద్ధతిని మార్చి, పాదరసపు థర్మామీటర్లకు వాడాడు. 1724లో లండన్ రాయల్ సొసైటీ పత్రికలో తన మూడు గుర్తులను వివరించాడు: మంచు, నీరు, నవాసారం కలిపిన మిశ్రమం 0, మంచు కలిపిన నీరు 32, ఆరోగ్యవంతుడి నోటి లేదా చంక వేడి 96. చివరి రెండింటి మధ్య 64 భాగాలు. గాజుగొట్టం మీద ఆ దూరాన్ని ఆరుసార్లు సగం చేస్తే ఒక డిగ్రీ వస్తుంది. నీటి మరుగు స్థానం 212గా తేలింది. తర్వాతి కాలంలో 32, 212 లనే ఆధారంగా తీసుకోవడంతో శరీర ఉష్ణోగ్రత 98.6కు జరిగింది. తెలుగునాట వాతావరణాన్ని సెల్సియస్‌లో చెప్పుకున్నా, జ్వరం మాత్రం ‘నూట రెండు’ అంటూ ఫారెన్‌హీట్‌లోనే సాగుతోంది.

ఫ్రాన్సులో రేమూర్ 1730లో ఆల్కహాలు థర్మామీటరు ప్రతిపాదించాడు. మంచు బిందువు వద్ద 1000 భాగాలున్న ఆల్కహాలు మరిగే నీటి వేడికి 1080 భాగాలవుతుందన్న లెక్కతో అతని మానం 0 నుంచి 80 వరకు సాగింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పనిచేసిన డెలీల్ మానం మాత్రం తలకిందులు: మరుగు స్థానం 0, చలి ముదిరే కొద్దీ అంకె పెరిగి మంచు వద్ద 150.

ఉప్సాలా ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆండర్స్ సెల్సియస్ కూడా 1742లో మరుగు స్థానానికి 0, మంచుకు 100 ఇచ్చాడు. చలికాలపు కొలతల్లో రుణ సంఖ్యలు రాకపోవడం ఇందులోని సౌలభ్యం. అంకెల కంటే ఆయన పరిశీలనలే విలువైనవి. కరిగే మంచులో థర్మామీటరు పెట్టి చూస్తే, వాతావరణం ఎలా ఉన్నా, బారోమీటరు ఎంత చూపినా గుర్తు కదలలేదు. మరుగు స్థానం మాత్రం గాలి పీడనంతోపాటు మారింది. 1743లో లియోన్‌లో క్రిస్టిన్ 0ను మంచుకు, 100ను మరుగుకు ఇచ్చాడు. సెల్సియస్ 1744లో మరణించాక ఉప్సాలాలోనూ మానాన్ని తిరగేశారు.

మరుగు స్థానం అంత తేలిగ్గా లొంగలేదు. సముద్రమట్టం నుంచి సుమారు 300 మీటర్లు ఎక్కితే అది దాదాపు 1 సెల్సియస్ డిగ్రీ తగ్గుతుంది. అదే పీడనంలో కూడా పాత్రను బట్టి, నీటిలో కరిగి ఉన్న గాలిని బట్టి మరిగే నీటి వేడి కొంత హెచ్చుతగ్గులవుతుంది. అందుకే కావెండిష్ ఆధ్వర్యంలోని రాయల్ సొసైటీ కమిటీ 1777లో థర్మామీటరును నీటిలో ముంచకుండా, మూత పెట్టిన పాత్రలోని ఆవిరిలో ఉంచాలని, బారోమీటరు పీడనాన్ని నిర్దేశించాలని సూచించింది.

1848లో విలియం థామ్సన్, తర్వాతి కాలపు లార్డ్ కెల్విన్, ఏ పదార్థపు లక్షణంపైనా ఆధారపడని మానాన్ని ప్రతిపాదించాడు. దాని సున్నా పరమశూన్యం, అంటే −273.15 సెల్సియస్. అయినా డిగ్రీ పరిమాణానికి నీరే ఆధారంగా మిగిలింది. 1954లో అంతర్జాతీయ తూనికలు, కొలతల మహాసభ రెండు హద్దులను పక్కనపెట్టి నీటి త్రిక బిందువును ఎంచుకుంది. గాలి తీసి మూసేసిన గాజు గొట్టంలో మంచు, నీరు, ఆవిరి మూడూ కలిసి నిలిచే ఈ స్థితికి 273.16 కెల్విన్ అని నిర్ణయించారు. ఇది 0.01 సెల్సియస్. దాంతో మరుగు స్థానం కూడా కొలిచి తెలుసుకోవలసినదైంది. నేటి కచ్చితమైన కొలతల్లో అది 100 కాదు, సుమారు 99.97.

2019 మే 20 నుంచి కెల్విన్ నిర్వచనం, ఉష్ణోగ్రతను కణాల శక్తితో ముడిపెట్టే బోల్ట్జ్‌మన్ స్థిరాంకంపై ఆధారపడింది. త్రిక బిందువు సైతం ప్రయోగంతో నిర్ధారించే విలువగా మారింది. పరికరాలను సరిచూడడానికి మాత్రం ప్రయోగశాలల్లో ఆ గాజు గొట్టాలనే ఇప్పటికీ వాడుతున్నారు.