పిడికెడు గింజలు ఎవరు దాచుకుంటారు?

ఆదోని పత్తి యార్డులో మనకు కనిపించేదంతా చేతికొచ్చిన పంటే. కాపు రాని పంట యార్డు దాకా రాదు, చేలోనే ఆగిపోతుంది. ఎమ్మిగనూరు వైపు ఏపుగా పెరిగి కాయ పట్టని చెట్టును చూపించి "విత్తనమే మోసం" అంటుంటారు. ఆ మాట కోర్టులో నిలబడటానికి ఎన్నేళ్లు పట్టిందో చూద్దామని పాత చట్టాలు తిరగేశాను.

1966 నాటి విత్తనాల చట్టంలో మొదటి తప్పుకు 500 రూపాయల దాకా జరిమానా. రెండోసారి దొరికితే ఆరు నెలల దాకా జైలు, లేదంటే 1,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. సరే, ఆ డబ్బు పోయేది ఖజానాకు. చేను పోయిన ఆసామికి పరిహారం అన్న ఊసే అందులో లేదు.

1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక ఎక్కడానికి ఒక గడప దొరికింది. కర్నూలు, మహబూబ్‌నగర్, గుంటూరు, ఖమ్మం, కాకినాడ జిల్లా ఫోరాల్లో రైతులు గెలిచారు. ఎదుటి పక్షం ఊరూపేరూ లేని కంపెనీ కాదు, కేంద్ర ప్రభుత్వానికి చెందిన జాతీయ విత్తన సంస్థ. అది సుప్రీంకోర్టు దాకా పోయింది.

దాని వాదనలు చదువుతుంటే ఒళ్లు మండింది. పండించి అమ్ముకుంటాడు కాబట్టి రైతు వినియోగదారుడే కాదట. పైగా 13(1)(సి) సెక్షన్ ప్రకారం లోపం తేలాలంటే నమూనా ల్యాబుకు పోవాలి, పోలేదు గదా అని. మిక్సీ పాడైతే మిక్సీ మిగులుతుంది. విత్తనం మిగలదు, మట్టిలో పోసేశాం. అదునులో వాన పడిన పూట పిడికెడు గింజలు సాక్ష్యానికని పక్కన పెట్టే రైతును నేనైతే చూడలేదు.

2012 జనవరి 16న జస్టిస్ జి.ఎస్. సింఘ్వీ, జస్టిస్ ఎస్.జె. ముఖోపాధ్యాయ ఇచ్చిన తీర్పు సరిగ్గా అక్కడే పట్టుకుంది. రైతు కొన్న విత్తనమంతా విత్తేశాడనే అనుకోవాలి. విత్తనం మంచిదేనని చూపించుకోవాలంటే, నమూనాలు పరీక్షకు పంపమని సంస్థే ఫోరాన్ని అడగాల్సింది. చేలు చూసి నిపుణులిచ్చిన నివేదికలు సరిపోయాయి. పరిహారం నిలిచింది.

2020 జులైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, తయారీదారుతో పాటు కొన్ని సందర్భాల్లో అమ్మినవాణ్ణీ బాధ్యుణ్ణి చేసింది. ల్యాబు సెక్షన్ మాత్రం 38(2)(సి)గా నంబరు మార్చుకుని అట్లే ఉంది. ఇక బిల్లు లేకుంటే కేసు నిలబెట్టడం కష్టం. ఉద్దెరకిచ్చే అంగడాయన్ను బిల్లు అడగాలి, పంట పోతే ఆయన మీదే కేసు వేయాలి. వచ్చే ఏడు విత్తనాలు ఉద్దెర తెచ్చుకోవాల్సింది మళ్లీ ఆయన దగ్గరే.