ఇరుసు కథ – ఐకాడ్ చేతులు

ఎద్దుల బండి ఎక్కి పెరిగినవాళ్ళు మనలో ఇంకా చాలామందే ఉన్నారు. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం పోవాలి, లోపలి చక్రం తక్కువ దూరం. మన వడ్రంగి ఆ చిక్కును ఎప్పుడో తీర్చేశాడు. ఇరుసు కదలదు, దాని మీద రెండు చక్రాలూ దేనికది తిరుగుతాయి. లాగేవి ఎద్దులు గనుక ఆ ఏర్పాటు సరిపోయింది. చక్రాన్నే ఇంజను తిప్పవలసిన రోజు వచ్చేసరికి చిక్కు మళ్ళీ మొదలైంది.

దానికి జవాబుగా ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెకర్ అనే గడియారాల నిపుణుడు 1820ల చివర్లో ఆవిరి బండి కోసం డిఫరెన్షియల్‌ను రూపొందించాడు. ఇంజను నుంచి వచ్చే పినియను క్రౌన్ వీలును తిప్పుతుంది. దాని లోపలి స్టార్ గేర్లు రెండు చక్రాలకూ బలాన్ని పంచుతాయి, మలుపులో ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ తిరగనిస్తాయి. నేటికీ కార్లు నడుస్తున్నది ఆ సూత్రం మీదనే.

అయితే దీనికొక లోపం ఉంది. ఇది రెండు చక్రాలకూ సమానమైన బలమే ఇస్తుంది. ఒక చక్రం బురదలో జారిందంటే, దాన్ని తిప్పడానికి చాలినంత కొద్దిపాటి బలమే రెండోదానికీ అందుతుంది. జారే చక్రం గిరగిరా తిరుగుతుంది, గట్టి నేల మీది చక్రం చూస్తూ ఉంటుంది. 1958 నుంచి 2014 దాకా తయారైన మన అంబాసిడర్ వానాకాలంలో దిగబడితే, అందరమూ దిగి తోసిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి.

ఈ లోపాన్ని సరిదిద్దే ప్రయత్నం పందెపు కార్లలో జరిగింది. 1930ల మధ్యలో జర్మనీ ఆటో యూనియన్ కార్ల కోసం ఫెర్డినాండ్ పోర్షే కోరగా జెడ్.ఎఫ్. సంస్థ జారుడును అదుపు చేసే డిఫరెన్షియల్‌ను తయారు చేసింది. అమెరికాలో ప్యాకార్డ్ 1956లో ‘ట్విన్ ట్రాక్షన్’ పేరుతో, షెవ్రొలే 1957లో ‘పాజిట్రాక్షన్’ పేరుతో ఇలాంటివి అమ్మకానికి తెచ్చాయి. ఎల్.ఎస్.డి. అని మనం పిలిచే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ ఇదే. బాగా వాడుకలో ఉన్న రకంలో స్టార్ గేర్ల పక్కన క్లచ్ పలకలు ఉంటాయి. ఒక చక్రం అతిగా తిరగబోతే ఆ పలకల ఒరిపిడి అడ్డుపడి, పట్టు ఉన్న చక్రానికి మరికొంత బలం చేరవేస్తుంది.

ఇసుక దేశంలో దీని విలువ వేరే చెప్పాలా? అబుధాబి చమురు ఎగుమతి మొదలైంది 1962లో. దీవిని ప్రధాన భూభాగంతో కలిపే మఖ్తా వంతెన వచ్చింది 1968లో. ఆ కాలపు ఎడారి దారుల్లో ల్యాండ్ రోవర్లూ, 1960లో మొదలైన టొయోటా 40 సిరీస్ ల్యాండ్ క్రూయిజర్లూ, నిసాన్ పెట్రోళ్ళూ తిరిగాయి. ఇప్పుడవి ముచ్చటపడి దాచుకునే పాతబండ్లు. 1987లో వచ్చిన వై60 పెట్రోల్ కొన్ని రకాల్లో కంపెనీవాళ్ళే వెనుక ఇరుసుకు ఎల్.ఎస్.డి. అమర్చారు. అంతకు ముందరి బండి గలవారు మెకానిక్‌ను వెతుక్కోవాలి.

ఆ వెతుకులాట వంతెన దాటి ముసఫ్ఫాకు చేరుస్తుంది. అక్కడి పారిశ్రామిక నగరమే ఐకాడ్. అది ఫ్యాక్టరీలూ, కార్మికుల వసతి గృహాలూ ఉన్న చోటు. పక్కనే వరుసలు వరుసలుగా మరమ్మతు షెడ్లు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి గల్ఫ్ దారి పట్టిన మనవాళ్ళు ఇలాంటి చోట్లనే బతుకు వెతుక్కున్నారు.

2010లో బంధువును చూడబోయి, అటువంటి షెడ్డులో ఒక పూట గడిపాను. జగిత్యాల వైపు కుర్రాడొకడు పాత ల్యాండ్ క్రూయిజర్ వెనుక ఇరుసు విప్పి కూర్చున్నాడు. నూనె దించి, రెండు వైపులా యాక్సిల్ షాఫ్టులు లాగి, డిఫరెన్షియల్ గూడు బయటకు తీశాడు. పాత క్రౌన్ వీలునే కొత్త ఎల్.ఎస్.డి. గూడుకు బిగించాడు. అందువల్ల గేరు నిష్పత్తి మారదు. అసలు పని అప్పుడు మొదలైంది. పల్చటి షిమ్ములు మార్చి మార్చి, క్రౌనుకూ పినియనుకూ మధ్య ఆట కొలిచాడు. చాలా ఇరుసుల్లో అది మిల్లీమీటరులో ఐదో వంతుకు అటూ ఇటూ. తక్కువైతే పళ్ళు వేడెక్కి అరుగుతాయి, ఎక్కువైతే దెబ్బలు తింటాయి. పళ్ళకు రంగు పూసి తిప్పి, ఒరిపిడి ముద్ర పంటి నడుమ పడేదాకా వదల్లేదు. చివరికి పలకలకు తగిన ప్రత్యేకమైన గేరు నూనె పోశాడు. మామూలు నూనె అయితే మలుపుల్లో పలకలు చప్పుడు చేస్తాయట.

“అన్నా, ఇగ ఒక్క చక్రం లేపి గేరు వేయొద్దు. కింద ఉన్నది ఊకోదు, బండిని తోస్తది” అన్నాడు. అది నిజం. మామూలు డిఫరెన్షియల్‌లో గాలిలో ఉన్న చక్రం ఒక్కటే తిరుగుతుంది. ఎల్.ఎస్.డి. ఉంటే నేల మీది చక్రానికీ బలం వెళ్ళి బండి జాకీ మీంచి దూకుతుంది. ఆ జాకీ పక్కన పడుకునేవాడికి ఇది ప్రాణంతో పని.

తీసిన పాత గూడుకు నూనె రాసి, గుడ్డ చుట్టి, బండి నంబరు రాసి యజమానికి అప్పగించాడు. “మళ్ళ అసలుది కావాల్నంటే?” అని నవ్వాడు. పాతబండి చరిత్రను కాపాడటమంటే ఏమిటో అతనికి ఎవరూ నేర్పలేదు.

ప్రదర్శనలో ఆ బండి ముందు పెట్టే పలక మీద కంపెనీ పేరు, తయారైన సంవత్సరం, యజమాని పేరు ఉంటాయి. ఇరుసు సరిచేసిన చెయ్యి పేరు ఉండదు. గల్ఫ్ గురించి మన లెక్కలలో ఇంటికి చేరిన డబ్బు ఉంది, చేరని మనుషుల దుఃఖం ఉంది. అక్కడ వాళ్ళు నేర్చిన విద్య మాత్రం లేదు. మన కుటుంబాల్లో గల్ఫ్ వెళ్ళివచ్చిన బాబాయో, మేనమామో ఉండకపోరు. ఈ పండుగ ముగిశాక వారికొక ఫోను చేసి, ఎంత సంపాదించారని కాక, ఏం పని చేశారో, ఎలా చేశారో అడగండి. విన్నది రాసి పెట్టండి, వారి పేరుతో సహా.