రింకూ సింగ్ (బేస్‌బాల్)

రింకూ సింగ్ అనగానే ఇప్పుడు అలీగఢ్ క్రికెటరే గుర్తొస్తాడు. అదే పేరుతో, అదే ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన మరొకరు అంతకు చాలా ముందే అమెరికా బేస్‌బాల్‌లోకి అడుగుపెట్టారు.

1988లో భదోహీ జిల్లాలో పుట్టిన ఈ రింకూ లారీ డ్రైవర్ కొడుకు, జావెలిన్ త్రోయర్. 2008లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ అనే టీవీ పోటీకి 37 వేల మందికి పైగా వచ్చారు. ఎడమచేత్తో గంటకు 87 మైళ్ల (140 కి.మీ.) వేగంతో బంతి విసిరి ఆయన లక్ష డాలర్లు గెలిచారు. రెండో స్థానం దినేశ్ పటేల్‌ది. ఆయనా జావెలిన్ త్రోయరే. ఇంత క్రికెట్ పిచ్చి ఉన్న దేశంలో ఇది వింతగా తోచవచ్చు, కానీ కాదు. బౌలర్ మోచేయి నిటారుగా ఉండాలి. పిచ్చర్ మాత్రం మోచేయి వంచి కొరడాలా విసరాలి. జావెలిన్ విసురు దీనికే దగ్గర.

లాస్ ఏంజెలిస్‌లో మాజీ పిచ్చర్ టామ్ హౌస్ దగ్గర శిక్షణ తర్వాత, ఆ నవంబర్‌లోనే పిట్స్‌బర్గ్ పైరేట్స్ ఇద్దరితోనూ ఒప్పందం కుదుర్చుకుంది. 2009 జులై 4న గల్ఫ్ కోస్ట్ లీగ్‌లో పిచ్ చేసిన రింకూ, అమెరికాలో ప్రొఫెషనల్ బేస్‌బాల్ ఆడిన తొలి భారతీయుడయ్యారు. దినేశ్‌ను 2010లో వదిలేశారు. రింకూ 2012 నాటికి సింగిల్-ఎ స్థాయి వెస్ట్ వర్జీనియా పవర్‌కు చేరారు. మేజర్ లీగ్ ఇంకా చాలా మెట్లు పైనే ఉంది.

2013 సీజన్ గాయంతో పోయింది. తర్వాత మోచేతి లిగమెంట్‌కు టామీ జాన్ శస్త్రచికిత్స. బలమిచ్చిన చేయే దెబ్బతీసింది. 2014లో డిస్నీ సినిమా ఆయన విజయగాథను తెరకెక్కించే సరికి అసలు రింకూ మైదానానికి దూరంగా ఉన్నారు. 2018లో ఆయన డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీలో చేరారు. అక్కడ వీర్ మహాన్‌గా ప్రసిద్ధులయ్యారు.