తోలుబొమ్మల తెరయు రంగుల దూరదర్శనమును

రంగుల దూరదర్శనము పట్టణములలోఁ బుట్టి పల్లెలకు వచ్చిన వింత యని తలఁచుట సహజము. కాని అనంతపుర మండలమున దానికిఁ బూర్వరంగ మొకటి కలదు. వెలుఁగు తెరపై రంగుల బొమ్మలు కదలుట అచ్చటి బాలురకుఁ గ్రొత్త గాదు.

తోలుబొమ్మలాట మిక్కిలి ప్రాచీనము. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రమున దాని ప్రస్తావము కలదు. ధర్మవరమునకు సమీపమందలి నిమ్మలకుంట యీ కళకు నేఁటికిని నెలవు. 2022 నుండి యీ గ్రామము శ్రీసత్యసాయి జిల్లాలోనిది. మేఁకతోలును గీఁకి, వెలుతురు చొచ్చునంత పలుచఁ జేసి, ఇరుప్రక్కల రంగు లద్ది, నగలకుఁ దగినట్లు రంధ్రములు చేయుదురు. పూర్వము ఆముదపు దీపములును, పిదప విద్యుద్దీపములును తెరవెనుక వెలిఁగెను. ఈ కళాకారులు ఇంట మరాఠీ మాండలికము పలుకుదురు. తెరవెనుక మాత్రము తెలుఁగు పద్యములే పాడుదురు. రామాయణ భారతకథల నడుమ జుట్టుపోలిగాఁడును బంగారక్కయు బాలురను నవ్వించుచుందురు. సాలునకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నీ మెట్టసీమలో, కఱవుకాలమున విరాటపర్వము వినిపించిన వానలు గురియునను నమ్మికయుఁ గలదు.

ఇఁక దూరదర్శనము. 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు ఉపగ్రహముద్వారా జరిగిన విద్యాప్రసారప్రయోగమున ఆంధ్రప్రదేశపు గ్రామములును జేరెను. అవి నలుపు తెలుపు చిత్రములు. 1982 ఆగస్టు 15న స్వాతంత్ర్యదినోత్సవమును, నవంబరు 19న ఢిల్లీలో నారంభమైన ఆసియా క్రీడలును రంగులలోఁ బ్రసారమయ్యెను. 1984 నుండి దేశమంతట అల్పశక్తిప్రసారకములు వెలసెను. 1987 జనవరి 25న రామాయణమును, 1988 అక్టోబరు 2న మహాభారతమును ధారావాహికలుగా మొదలయ్యెను. పెట్టె గల యింట ఆదివారపు టుదయమున ఇరుగుపొరుగు పిల్లలు గుమిగూడుట నాఁటి సామాన్యదృశ్యము.

ఆ ధారావాహికల భాష హిందీ. అయినను పల్లెపిల్లలకుఁ గథ తెలియకపోలేదు. ఏలయన, హనుమంతుఁడు సముద్రము దాఁటుట, పాండవు లజ్ఞాతవాస మొనర్చుట తోలుబొమ్మల తెరపైఁ దెలుఁగున విన్నవారి పెద్దలు కథను విప్పి చెప్పఁగలిగిరి. క్రొత్త తెర బొమ్మల నిచ్చెను. వాని యర్థమును పాఁత తెర యిచ్చెను. కావున దూరదర్శనము ఈ కళనుండి ఋణము గైకొనియే దాని ప్రేక్షకులను గైకొనెనని చెప్పవలసియున్నది.

ఆ ఋణము తీఱలేదు. రాత్రంతయు సాగు నాటలు అరుదయ్యెను. బొమ్మలు చేయు చేతులు దీపపు కప్పులును, గోడచిత్రములును చేసి జీవింపసాగెను. 2008లో ఆంధ్రప్రదేశపు తోలుబొమ్మలకు భౌగోళికసూచిక లభించెను. 2020లో నిమ్మలకుంట కళాకారులగు దళవాయి చలపతిరావుగారికి పద్మశ్రీ పురస్కారము గలిగెను. ఈ గౌరవములు చేతిపనిని నిలుపఁగలవు. తెరవెనుకఁ బాడిన పద్యములను మాత్రము విన్నవారి నోటనుండియే సేకరింపవలయును. రెండు తెరలను బాల్యమునఁ జూచినవారు నేఁడు నడివయస్సు దాఁటుచున్నారు. పాఠశాలల పండితులు తమ గ్రామములయందు వారి స్మృతులను వ్రాసి భద్రపఱచినచో, ఆంధ్రరంగస్థలచరిత్రమున నొక యధ్యాయము నశింపక నిలుచును.