జెడ్‌ఎఫ్‌ఎస్

జెడ్‌ఎఫ్‌ఎస్ యూనిక్స్ సర్వర్లలో వాల్యూమ్ నిర్వహణను, ఫైల్ సిస్టమ్‌ను ఒక్కటి చేసిన సాఫ్ట్‌వేర్. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జెఫ్ బోన్‌విక్, మాథ్యూ ఆరెన్స్ 2001లో దీని పని మొదలుపెట్టారు. 2005లో ఓపెన్ సొలారిస్‌లోకి, 2006లో సొలారిస్ 10లోకి వచ్చింది.

అంతకుముందు డిస్కును విభాగాలు చేసి, వాల్యూమ్ మేనేజర్‌తో రెయిడ్ (పలు డిస్కుల కూర్పు) కట్టి, దానిమీద ఫైల్ సిస్టమ్‌ను వేరుగా అమర్చేవారు. ఒక విభాగం నిండితే పక్కదానిలో ఎంత ఖాళీ ఉన్నా అక్కరకు వచ్చేది కాదు. జెడ్‌ఎఫ్‌ఎస్‌లో డిస్కులన్నీ కలిసి ఒకే పూల్; ఊరుమ్మడి చెరువులోంచి నీళ్లు తోడుకున్నట్టు ఫైల్ సిస్టమ్‌లన్నీ అందులోంచే చోటు తీసుకుంటాయి.

దీని అసలు గొప్పదనం చెక్‌సమ్, అంటే డేటా మారిందో లేదో తేల్చే సంఖ్య. బ్లాకు చెక్‌సమ్ ఆ బ్లాకులో కాక, దాన్ని చూపే పై బ్లాకులో ఉంటుంది. చదివిన ప్రతిసారీ సరిపోల్చి, డిస్కు తప్పుడు డేటా ఇస్తే పట్టుకుంటుంది. మిర్రర్ నుంచో పారిటీ నుంచో సరైన డేటా తెచ్చి దిద్దుతుంది. చడీచప్పుడు లేకుండా పాడైన బిట్లను మామూలు రెయిడ్ సాధారణంగా గుర్తించదు. పైగా జెడ్‌ఎఫ్‌ఎస్ పాత బ్లాకుమీద రాయదు. కొత్త చోట రాశాకే చూపుడు మారుస్తుంది కనుక, మధ్యలో కరెంటు పోయినా ఫైల్ సిస్టమ్ చెదరదు. స్నాప్‌షాట్ (ఆ క్షణంలో ఫైల్ సిస్టమ్ ఉన్న స్థితి) క్షణాల్లో తయారయ్యేదీ ఇందువల్లే.

జెడ్‌ఎఫ్‌ఎస్ సొంత రెయిడ్ పద్ధతులైన రెయిడ్-జెడ్1, 2, 3 వరుసగా ఒకటి, రెండు, మూడు డిస్కుల నష్టాన్ని తట్టుకుంటాయి. పెద్ద డిస్కులకు రెయిడ్-జెడ్2 కన్నా తగ్గకూడదు: చెడిన డిస్కు స్థానంలో కొత్తది నిండడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది, ఆలోగా మరొకటి చెడవచ్చు. ఇంత రక్షణ ఉన్నా పొరపాటున పూల్‌నే చెరిపేస్తే ఏ రెయిడూ కాపాడలేదు, వేరే యంత్రంలో బ్యాకప్ ఉండాల్సిందే.

2013 నుంచి ఓపెన్ జెడ్‌ఎఫ్‌ఎస్ పేరుతో దీని అభివృద్ధి సాగుతోంది. లినక్స్, ఫ్రీబీఎస్‌డీల్లో నడుస్తున్నది అదే.